“లేదు” వేరు, “కనబడలేదు” వేరు



మన సంఘం సభ్యుల జాబితాలో ఎవరిదో ఫోను నంబరు కోసం కంప్యూటర్లో “లక్ష్మి” అని వెతికారనుకోండి. “ఫలితాలు: 0” అని వచ్చింది. తెలుగువాళ్ళ సంఘంలో ఒక్క లక్ష్మి కూడా లేకపోవటమా! వెంటనే మనకి అనుమానం వస్తుంది. ఇంగ్లీషులో ఆ పేరుని కొందరు కె, ఎస్, హెచ్ వేసి రాస్తారు, కొందరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. మనం ఒకలా వెతికాం, జాబితాలో ఇంకోలా ఉంది. “నాకు కనబడలేదు” అనవలసిన చోట కంప్యూటరు “లేదు” అనేసి ఊరుకుంది.

ఇరవయ్యేళ్ళుగా నా ఉద్యోగమంతా ఇలాంటి సున్నాలతోనే. ప్రోగ్రాము పడిపోతే ఎర్ర అక్షరాలతో గోల చేస్తుంది, అందరూ పరిగెత్తుకొస్తారు. అసలు భయపడవలసింది ఏ గోలా చెయ్యకుండా తప్పు సున్నా ఇచ్చే ప్రోగ్రాముకి. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఫోను నంబరు దొరక్కపోతే కొంప మునిగేదేమీ లేదు. అదే సున్నా ఒక ఆడమనిషి రొమ్ము కేన్సరు రిపోర్టులో పడితే? అది మన కెనడాలోనే జరిగింది, అదీ ఒక్కరికి కాదు, కొన్ని వందలమందికి. ఈసారి శీర్షికలో కంప్యూటర్లని కాస్త పక్కన పెట్టి ఆ సంగతి చెప్పుకుందాం. కెనడాలో ప్రతి ఎనిమిదిమంది స్త్రీలలో ఒకరికి జీవితకాలంలో రొమ్ము కేన్సరు వస్తుందని కెనడియన్ కేన్సర్ సొసైటీ లెక్క. ఇది మన ఇళ్ళ సంగతి కూడా.

తాళం, తాళంచెవి

రొమ్ములో గడ్డ దొరికితే డాక్టర్లు దాంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. దాన్నే బయాప్సీ అంటారు. ఆ ముక్కని, అంటే కణజాలాన్ని, పెథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూసి రెండు రకాల సంగతులు చెబుతారు. మొదటిది, ఇది కేన్సరా కాదా, అయితే కణాలు ఎంత వికారంగా మారాయి, ఎంత జోరుగా పెరుగుతున్నాయి అన్నది. రెండోది, ఈ కేన్సరు ఏ మందుకి లొంగే అవకాశం ఉంది అన్నది. ఈ రెండో ప్రశ్నకి జవాబిచ్చే గుర్తులనే బయోమార్కర్లు అంటున్నారు. మనం జీవసూచికలు అనుకోవచ్చు.

వీటిలో అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ పెద్దపీట వేయించుకునేది, ఈస్ట్రోజెన్ రిసెప్టరు. రిపోర్టులో ఈ.ఆర్. అని రాస్తారు. ఈస్ట్రోజెన్ ఆడవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోను. కొన్ని కేన్సరు కణాల్లో దానికి సరిపోయే తాళాలుంటాయి. తాళంచెవి వెళ్ళి తాళంలో తిరిగితే కణం పెరుగుతుంది. హార్మోనుకీ ఈ జబ్బుకీ లంకె ఉందని గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జను 1896లోనే ప్రచురించాడు. అండాశయాలు తీసేస్తే కొందరికి రొమ్ములోని గడ్డ తగ్గింది. కొందరికే ఎందుకు తగ్గిందో అప్పట్లో తెలియలేదు. తాళం సంగతి 1950ల చివర షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ పరిశోధనలతో బయటపడింది.

టామాక్సిఫెన్ అనే మాత్ర చేసే పని ఏమిటంటే, తాళం కన్నంలో విరిగిన చెవిలా ఇరుక్కుని కూర్చోవటం. అసలు చెవికి చోటుండదు. రోజుకొక మాత్ర. ఈ.ఆర్. ఉన్న కేన్సరుకి అయిదేళ్ళపాటు వాడితే తరవాతి పదిహేనేళ్ళలో ఆ జబ్బుతో పోయేవారి సంఖ్య సుమారు మూడోవంతు తగ్గుతుందని అంతర్జాతీయ ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్క వేసి తేల్చారు. అయితే తాళమే లేని కణం మీద ఈ చెవి పనిచెయ్యదు.

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని ఇక్కడ ఒకసారి తలుచుకోవాలి. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్, 1970ల నుంచి రొమ్ము కేన్సరుకి వాడిన సి.ఎం.ఎఫ్. అనే మూడు మందుల కలయికలో “ఎం” అక్షరం. అలాంటి కీమో మందులు వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా పడతాయి. టామాక్సిఫెన్ తాళం ఉన్నచోటికే వెళ్తుంది. అందుకే ముందు తాళం ఉందో లేదో తెలియాలి. తెలుసుకోవటానికి ఆధారం ఆ చిన్న కణజాలం ముక్క.

“నెగెటివ్” అంటే మంచిదేగా?

ఇక్కడ ఒక మాట తిరకాసు ఉంది. మన ఇళ్ళలో పరీక్ష “నెగెటివ్” వచ్చిందంటే హమ్మయ్య అనుకుంటాం. కోవిడ్ రోజుల్లో ఆ అలవాటు ఇంకా ముదిరింది. కానీ కేన్సరు ఉందని తేలిన తరవాత వచ్చే ఈ.ఆర్. నెగెటివ్‌లో సంబరపడటానికి ఏమీ లేదు. టామాక్సిఫెన్ లాంటి మందుల తలుపు మూసుకుందని దానర్థం. ఈ.ఆర్. పాజిటివ్ అంటే ఆ తలుపు తెరిచి ఉందని. రొమ్ము కేన్సర్లలో నూటికి 70 నుంచి 80 దాకా ఈ.ఆర్. పాజిటివ్‌వే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకో నానమ్మకో డాక్టరు మాటలు తెలుగులో చెప్పే బాధ్యత చాలా ఇళ్ళలో పిల్లల మీద పడుతుంది. యూనివర్సిటీకి వెళ్ళే మనవరాలు “నెగెటివ్ అట అమ్మమ్మా” అని ఊరుకుంటే పెద్దావిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. ఏది నెగెటివో, దానివల్ల ఏ మందు ఇస్తారో, ఏది ఇవ్వరో కూడా కలిపి చెప్పాలి.

పరీక్ష జరిగే తీరు

ఈ తాళాలు మామూలుగా కంటికి కనబడవు. ముందుగా కణజాలం ముక్కని ఫార్మలిన్‌లో ఊరబెడతారు. ఆవకాయకి ముక్క ఊరినట్టే దీనికీ ఒక లెక్క ఉంది. మరీ తక్కువ సేపైనా, మరీ ఎక్కువ రోజులైనా పరీక్ష చెడుతుంది. ఆరు గంటలకి తగ్గకుండా, 72 గంటలకి మించకుండా ఉండాలని, ఒంట్లోంచి తీసిన గంటలోపే ఫార్మలిన్‌లో పడాలని 2010లో అమెరికా కేన్సరు వైద్యుల, పెథాలజిస్టుల సంఘాలు కలిసి నియమం పెట్టాయి.

తరవాత ముక్కని పారఫిన్ మైనంలో దిమ్మగా పోతపోస్తారు. దాన్ని మిల్లీమీటరులో వెయ్యో వంతులు మూడో నాలుగో ఉండే మందాన, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి గాజుపలక మీద పరుస్తారు. ఫార్మలిన్‌లో ఊరినప్పుడు మాంసకృత్తులు ఒకదానికొకటి ముడిపడి తాళాలు వాటి మధ్య దాక్కుంటాయి. ఆ ముడులు విప్పటానికి పలకని వేడినీళ్ళలో ఉడికిస్తారు. దీనికి మామూలు ప్రెషర్ కుక్కర్లు వాడిన లాబులు కూడా ఉన్నాయి! ఉడికాక, తాళానికే వెళ్ళి అతుక్కునే యాంటీబాడీని వేసి రంగు పడతారు. తాళం ఉన్న కణం గోధుమరంగుకి తిరుగుతుంది. నూటికి ఎన్ని కణాలు రంగెక్కాయో పెథాలజిస్టు లెక్కపెడతారు. ఇప్పటి నియమం ప్రకారం ఒక్క శాతం చాలు, పాజిటివ్ అనాలి. 2020 నుంచి ఒకటి నుంచి పది శాతం దాకా ఉంటే “తక్కువ పాజిటివ్” అని విడిగా రాయమంటున్నారు.

ముక్క సరిగా ఊరకపోయినా, చాలినంత ఉడక్కపోయినా, యాంటీబాడీ పాతబడినా, రంగు రాదు. పలక మీద గోధుమరంగు కనబడదు. తాళం నిజంగా లేకపోయినా పలక అలాగే ఉంటుంది. రెండిటికీ రిపోర్టులో పడే మాట ఒక్కటే: నెగెటివ్.

సెయింట్ జాన్స్‌లో ఏం జరిగింది?

న్యూఫౌండ్‌లాండ్ రాజధాని సెయింట్ జాన్స్ కెనడాకి తూర్పు కొస. టొరాంటోకన్నా గంటన్నర ముందుంటుంది. మన ఇండియా టైములాగే వాళ్ళకీ ఆ అరగంట తిరకాసు ఉంది. ఆ రాష్ట్రంలో ఈ.ఆర్. పరీక్షలు చేసింది ఆ ఊరి పెద్దాసుపత్రి లాబు. 1997లో పాత రసాయన పద్ధతి మాని, పైన చెప్పిన రంగు పద్ధతికి మారారు. ఉడికించే మెట్టు మాత్రం మనుషుల చేతిమీదే నడిచేది. 2004లో ఆటోమేటిక్ యంత్రం వచ్చింది.

2005 వసంతంలో ఒక రోగి పాత నెగెటివ్ రిపోర్టు మీద ఆమె డాక్టరుకి అనుమానం వచ్చింది. దాచిపెట్టిన మైనం దిమ్మనుంచి ముక్క తీసి మళ్ళీ పరీక్ష చేయించారు. ఈసారి పాజిటివ్! ఇంకొన్ని పాత నెగెటివ్‌లు తీసి చూస్తే వాటిలోనూ కొన్ని తిరగబడ్డాయి. ఆ వేసవిలో అక్కడ పరీక్షలు ఆపేసి, 1997 నుంచి 2005 దాకా నెగెటివ్ అన్నవాటిని టొరాంటో మౌంట్ సైనై ఆసుపత్రికి పంపటం మొదలుపెట్టారు. సుమారు వెయ్యిమందివి మళ్ళీ పరీక్షించగా 380 మందికి పైగా వచ్చిన ఫలితం తప్పని తేలింది.

ఆ రోజుల్లోనే ఈ దేశంలో ఇంకో చోట ఏం జరుగుతోందో చూడండి. కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ కేంద్రంగా, టొరాంటో డాక్టరు పాల్ గాస్ నాయకత్వంలో, ఎం.ఎ.17 అనే ప్రయోగం నడిచింది. అయిదేళ్ళు టామాక్సిఫెన్ వాడిన తరవాత లెట్రొజోల్ అనే ఇంకో మాత్ర ఇస్తే జబ్బు తిరగబెట్టటం ఇంకా తగ్గుతుందా అన్నది ప్రశ్న. 5,187 మంది స్త్రీలు పాల్గొన్నారు. మేలు ఎంత స్పష్టంగా కనబడిందంటే 2003లో గడువుకి ముందే ఫలితాలు ప్రకటించారు. ప్రపంచమంతా ఈ ఫలితాన్ని మెచ్చుకుంది. కానీ రిపోర్టులో తప్పుడు నెగెటివ్ పడినవాళ్ళకి మొదటి అయిదేళ్ళ మాత్రే అందలేదు, ఇక రెండోదాని మాటెక్కడిది!

అంతకన్నా మనసుని కలిచేసేది తరవాతి సంగతి. అధికారులకి 2005 మధ్యలోనే తెలిసిన విషయం జనానికి తెలిసింది ఆ అక్టోబరులో, అదీ అక్కడి ఇండిపెండెంట్ అనే వారపత్రిక ద్వారా. తప్పుల నిష్పత్తి ఎంత పెద్దదో 2007 మేలో కోర్టు కాగితాలు బయటపడితేగాని బోధపడలేదు. అప్పుడు ప్రభుత్వం జస్టిస్ మార్గరెట్ కేమరన్‌ని విచారణకి నియమించింది. 2008లో బహిరంగంగా సాక్ష్యాలు విన్నారు. 2009 మార్చిలో 60 సిఫార్సులతో నివేదిక వచ్చింది. అదే ఏడాది రోగులు, వారి కుటుంబాలు వేసిన దావా 17.5 మిలియన్ డాలర్ల పరిహారంతో పరిష్కారమయింది. తప్పు ఫలితం వచ్చినవారిలో వందమందికి పైగా అప్పటికే చనిపోయారు. మాత్ర అందితే వారిలో ఎవరు బతికేవారో ఎవరూ చెప్పలేరు. ఆ కుటుంబాలు ఇప్పటికీ మోస్తున్న బరువు అదే.

పక్కనే ఉన్న సాక్షి

నివేదిక ఒక్క మనిషినో ఒక్క యంత్రాన్నో దోషిగా నిలబెట్టలేదు. ఊరబెట్టటంలో ఒక పద్ధతి లేదు, నాణ్యత తనిఖీకి ఏర్పాటు లేదు, పనివాళ్ళు తరచూ మారిపోయారు, మొత్తానికి ఎవరు బాధ్యులో స్పష్టత లేదు. మా కంప్యూటరు రంగంలో ఉన్నవాళ్ళకి ఈ జాబితా చదువుతుంటే ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

నన్ను ఆపేసిన వివరం వేరే ఉంది. కేన్సరు ముక్కలో చాలాసార్లు పక్కనే మామూలు రొమ్ము నాళాల కణాలు కూడా ఉంటాయి. వాటిలో కొన్నిటికి ఈ.ఆర్. తాళాలు సహజంగానే ఉంటాయి. పరీక్ష సరిగా జరిగితే అవి రంగెక్కి తీరాలి. కేన్సరు కణాలు రంగెక్కకుండా, పక్కన మామూలు కణాలు గోధుమరంగులో ఉంటే ఆ నెగెటివ్‌ని నమ్మవచ్చు. రెండూ రంగెక్కకపోతే పరీక్షే జరగలేదని అర్థం. అంటే “కనబడలేదు” అని చెప్పే సాక్షి అదే గాజుపలక మీద కూర్చుని ఉంది. ఆ సాక్షిని ప్రతిసారీ అడగాలన్నది అక్కడ నియమంగా నడవలేదు.

రెండో సాక్షి మొత్తం లెక్క. నూటికి డెబ్బైకి పైగా పాజిటివ్ రావలసిన పరీక్షలో ఒక లాబు ఫలితాలు నెలల తరబడి దానికి బాగా దూరంగా ఉంటే, ఒక్క స్లైడు కూడా చూడకుండానే ఏదో తేడా ఉందని చెప్పవచ్చు. దానికి పెద్ద కంప్యూటరు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు. అలా లెక్క రాసేవాళ్ళు ఒకరుండాలి, అంతే.

ఆ దెబ్బతో దేశం కొంత మారింది. ఆ ఏళ్ళలోనే పెథాలజిస్టులు కెనడియన్ ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ క్వాలిటీ కంట్రోల్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఒకే రకం కణజాలాలని దేశమంతటా లాబులకి పంపి, ఎవరి జవాబు ఎలా ఉందో పోల్చి చూస్తారు. జవాబు ముందే తెలిసిన లెక్కని అందరి చేతా చేయించటమన్నమాట.

మనం ఏం చెయ్యవచ్చు?

ఇది చదివి ప్రతి రిపోర్టునీ అనుమానించనక్కర్లేదు. ఈనాటి లాబుల్లో తనిఖీలు అప్పటికన్నా ఎంతో గట్టివి. కానీ “అడగందే అమ్మయినా పెట్టదు” అన్నారు పెద్దలు. అడగవలసినవి ఇవి:

పెథాలజీ రిపోర్టు కాపీ తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. డాక్టరు దగ్గరున్న తన రికార్డుల్ని చూసి కాపీ తీసుకునే హక్కు రోగికి ఉందని కెనడా సుప్రీంకోర్టు 1992లోనే మెకినర్నీ కేసులో తీర్పు ఇచ్చింది.

రిపోర్టులో మూడు మాటలు వెతకండి: ఈ.ఆర్., పి.ఆర్., హర్-2. రెండోది ప్రొజెస్టరోన్ అనే ఇంకో హార్మోను తాళం. మూడోది ఉంటే హెర్సెప్టిన్ లాంటి మందులు పనిచేసే అవకాశం ఉంది. 1998లో ఆ మందుకి అమెరికాలో అనుమతి వచ్చినప్పటినుంచి ఆ రకం కేన్సరు తలరాతే మారింది. పాజిటివ్, నెగెటివ్ అన్న మాటతో ఆగకుండా, నూటికి ఎంత అన్న అంకె కూడా చూడండి.

నెగెటివ్ అయితే డాక్టర్ని మర్యాదగా ఒక మాట అడగండి: “పక్కనున్న మామూలు కణాలు రంగెక్కాయా? ఈ రకం కేన్సరుకి ఈ ఫలితం మీరు అనుకున్నట్టే ఉందా?” నెమ్మదిగా పెరిగే రకాలకీ, లోబ్యులర్ అనే రకానికీ ఈ.ఆర్. నెగెటివ్ రావటం అరుదు. అలా వస్తే పెథాలజిస్టులే ఇంకోసారి చూడాలనుకుంటారు.

ఊళ్ళో అమ్మకో అత్తగారికో ఆపరేషను జరిగితే రిపోర్టుతోపాటు మైనం దిమ్మ ఎక్కడుందో కనుక్కోండి. అది ఏళ్ళ తరబడి నిలవుంటుంది. అవసరమైతే ఇంకో లాబులో పరీక్ష చేయించవచ్చు. సెయింట్ జాన్స్‌లో నిజం బయటపడింది ఆ దిమ్మలు దాచిపెట్టబట్టే.

అన్నిటికన్నా ముందు, గడ్డ చేతికి తగిలితే సిగ్గుపడి దాచుకోవద్దు. ఒంటేరియోలో 2024 అక్టోబరు నుంచి 40 ఏళ్ళు దాటిన స్త్రీలు డాక్టరు చీటీ లేకుండానే మామోగ్రాముకి పేరు ఇవ్వవచ్చు. మిగతా రాష్ట్రాలవాళ్ళు తమ నియమాలు కనుక్కోండి.

పిల్లలకో ప్రయోగం

పిల్లలూ, అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని ఇది చేసి చూడండి. మందుల దుకాణంలో దొరికే అయోడిన్ చుక్కని బంగాళాదుంప ముక్క మీద వెయ్యండి. నల్లటి నీలం రంగు వస్తుంది. అంటే పిండిపదార్థం ఉందన్నమాట. కీరా ముక్క మీద వేస్తే రంగు మారదు. మరి కీరాలో పిండిపదార్థం లేదా, లేక మీ అయోడిన్ పాడయిందా? ఎలా తెలుస్తుంది? అదే సీసాలోంచి ఒక చుక్క అన్నం మెతుకు మీద వేసి చూడండి. మెతుకు నల్లబడితే మీ సీసా మంచిదే, కీరా జవాబుని నమ్మవచ్చు. మెతుకు కూడా మారకపోతే కీరా గురించి మీరింకా ఏమీ తెలుసుకోలేదు. ప్రయోగం అయ్యాక ఆ ముక్కలు తినకూడదు, పారెయ్యాలి.

ఆ అన్నం మెతుకు పనే గాజుపలక మీద మామూలు కణం చేస్తుంది. స్కూలు సైన్సు ఫెయిర్‌కి ఇదొక మంచి అంశం. చేసినవాళ్ళు ఫోటో పంపండి. సంపాదకులని అడిగి వచ్చే సంచికలో వేయిస్తాను.

ఉంటాను మరి. అంతవరకూ సెలవు.